పౌచుకు బాపు ముడి

అండమాన్ నుంచి వచ్చి ఎన్నో దినాలైతున్నది గని, ఆ పౌచు వాసన ఇంక నా ముక్కుల్నుంచి పోతలేదు. కెమెరా తడ్వకుంట నీళ్లల్ల ముంచి ఫోటోలు తీసుకునే ప్లాస్టిక్ సంచి అది. అరచెయ్యంత ఉంటది. ముందట అద్దం లెక్క తేటగ, ఎనుక నీలం రంగు, మెడల ఏసుకోను ఒక తాడు. మా అక్క బిడ్డ లత ఫోన్ల ఆర్డర్ పెట్టి తెప్పిచ్చింది. డబ్బా ఇప్పంగనే గుప్పుమన్నది చూడు, కొత్త రబ్బరు, కిరసనాయిలు, ఎండల పడ్డ చెప్పులు అన్ని కలిపి ఉడకబెట్టినట్టు. "ఛీ, దాన్ని అవుతల పెట్టుండ్రి" అని నేను కొంగు అడ్డం పెట్టుకున్న. మా ఓదెలు బావ మాత్రం దాన్ని ముక్కు కాడికి తీస్కపోయి గట్టిగ పీల్చి, "బాయి వాసనొస్తున్నది సరోజా" అని సంబురపడ్డడు. బొగ్గుబాయిల రిటైరై ఇన్నేండ్లాయె, ఆ కంపు యాదికొస్తె సంబురపడే మనిషిని ఏమనాలె?

నా సంగతి ముందుగాల్నే చెప్పిపెడుత. నాకు చిన్నప్పటి సంది అసహ్యం ఎక్కువ. ఒకలు తాగిన గిలాసల నీళ్లు తాగ. ఒకలు కూసొని లేసిన కుర్చీ వేడిగుంటె అండ్ల కూసోను. బడిల పంతులమ్మగ చేసినన్ని దినాలు నా కుర్చీ మీద ఇంకెవ్వలన్న కూసుంటె నాకు పాఠం నోటికి రాకపోయేది. మా అక్క రాజక్క, "మా సరోజకు దేవుడు రెండు ముక్కులిచ్చిండు, ఒకటి పైకి కనవడది" అని అందరి ముందట నవ్వేది. అక్క పోయి ఏడాది దాటింది. ఓదెలు బావ ఆమె పెనిమిటి. ఇంట్ల ఒక్కడు కూసొని గోడలు చూస్తున్నడని లత మమ్ముల ఇద్దర్ని అండమాన్ తీస్కపోయింది. గా సముద్రం కాడ జరిగింది చెప్పాలంటె ముందుగాల మా కోటరు సంగతి చెప్పాలె.

గోదావరిఖనిల బొగ్గుబాయోళ్లు ఇచ్చిన మా కోటరు ఒకటే అర్ర, ఒక వంటిల్లు, ఎనుక రేకుల తానాల గది. బాపు డ్యూటీ దిగి వస్తున్నడంటె ఆయన కంటె ముందు వాసన ఇంట్లకొచ్చేది. తడి బొగ్గు, చెమట, గంబూట్లల్ల నాని తెల్లవడ్డ కాళ్లు. అవ్వ బొగ్గుల పొయ్యి మీద నీళ్లు కాగవెట్టి ఉంచేది. బాపు పోసుకుంటుంటె నల్లటి నీళ్లు మోరీల పడి మా వాకిట్ల నుంచే పారేటియి. తానమైనంక గొంతు సవరిచ్చుకొని కళ్లె ఊసేటోడు, నల్లగ, కాటుక ముద్ద లెక్క. అన్నం ముందట కూసున్న నేను మూతి మూసుకొని బయటికి ఉరికేదాన్ని. "ఏందే గట్ల ఉరుకుతవ్, ఆ బొగ్గు తోడితెనే నీకు బువ్వ" అని అవ్వ కసిరేది. అది నిజమే. నిజమైతే మాత్రం కడుపుల దేవినట్టయ్యేది ఆగుతదా? అక్క అదే జాగల కూసొని అదే అన్నం చప్పుడు చెయ్యకుంట తినేది, తిన్నంక బాపు ఊసిన కాడ చెంబుతోని నీళ్లు కొట్టొచ్చేది.

వీటన్నిటికంటె నాకు చెడ్డ చీదర కవర్లంటె. బొగ్గు పేల్చే మందు ప్లాస్టిక్ కవర్లల్ల వచ్చేదట. మందు అయిపోయినంక ఆ ఖాళీ కవర్లు ఎట్లొస్తయో గని మా కోటర్ల లైన్ల అందరిండ్లల్ల ఉండేటియి. ఆ మందు వాసన తలకాయ నొప్పి లేపుతది, ఎన్నిసార్లు బూడిద పెట్టి తోమినా పోదు. అవ్వ అండ్ల ఉప్పు పోసేది, చింతపండు దాచేది, వాన దినాలల్ల మా బడి పుస్తకాలు పెట్టేది. నా జొన్నరొట్టె గూడ అండ్లనే. బడిల మూట ఇప్పంగనే పక్కన కూసున్న పిల్లలు జరిగి కూసునేటోళ్లు. "మీ రొట్టె పేలుతదా ఏందే?" అని అడిగేటోళ్లు. అక్క తన రొట్టె ఉత్త గుడ్డల కట్టుకొచ్చుకునేది, వానకు తడిసి మెత్తవడేది. ఆ మెత్తటి రొట్టె నాకిచ్చి, నా మందు కంపు రొట్టె ఆమె తినేది. "ఏమైతదే, కడుపుల పేల్తదా?" అనేది. మా అక్కకు అసహ్యమనేదే తెల్వకుండె. అట్ల ఎట్ల బతికిందో.

బాపుకు ఆ కవర్లంటె పానం. బాయిల పైకప్పు నుంచి నీళ్లు కారుతనే ఉంటయట, ఎలుకలు గూడ మస్తు ఉంటయట. అందుకని తన సద్ది కవర్ల పెట్టి, లోపటి గాలి పోయేదాక అదిమి, మూతి మెలివెట్టి, కోడి మెడ మలిపినట్టు ఎనుకకు మలిపి, దాని మీద వైరు చుట్టి బిగిచ్చేటోడు. బొగ్గు పేల్చినంక మిగిలే సన్నటి వైరు అది, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులల్ల వస్తది. దాంతోని బుట్టలల్లని ఆడామె మా కాలనీల లేకుండె. కట్టిన మూటను బాయిల కర్ర స్తంభానికి యాలాడదీస్తె, షిఫ్టు సగమైనంక ఇప్పి చూస్తె రొట్టె పొడిగ ఉండేదట. ఓదెలు బావ పెండ్లికి ముందు బాపు చేతికింద పనిచేసిండు, ఆ ముడి అక్కడ్నే నేర్చుకున్నడు. ముడి మంచిగ పడ్డదనే బాపు ఆయనకు బిడ్డనిచ్చిండని అవ్వ ఎక్కిరిచ్చేది. "సముద్రంల ఏసినా చుక్క దూరది" అని బాపు మీసం దువ్వేటోడు. బాపు సముద్రం ఎన్నడు చూడలే.

ఇగ కెమెరా సంగతి. బావ రిటైరైనప్పుడు అక్క కొట్లాడి ఒక చిన్న కెమెరా కొనిపిచ్చుకున్నది, జేబుల పట్టేది, వెండి రంగుది. ఫోన్లొచ్చినంక గూడ ఇడ్వలే. "ఫోన్ల ఫోటో ఫోన్ల్నే సచ్చిపోతది" అనేది, అదేం లెక్కనో. పెండ్లిండ్లకు, బోనాలకు, మేకకు పిల్ల పుడితె గూడ టక్కు టక్కుమనిపిచ్చేది. ఆమె ఫోటో తీస్తమంటె మాత్రం దొరకకపోయేది. చిన్నప్పుడు బోరింగు కొట్టంగ పిడి తగిలి ముందటి పన్ను సగం ఇరిగింది. "నా పన్ను చూసి మీరు నవ్వుతరు" అని కెమెరా ఎనుకకు పోయి నిలవడేది. పెండ్లి ఫోటో ఉంటె అది కోటర్ల చెమ్మకు బూజు పట్టిపోయింది. చివరికి ఆమె పోయిన నాడు ఫ్లెక్సీ కొట్టిద్దామంటె ఆధార్ కార్డుల ఫోటో తప్ప ఏం దొర్కలే. దొంగతనంల పట్టువడ్డదాని లెక్క ఉన్నదండ్ల మా అక్క. దాన్నే నిలువెత్తు చేసి ఇంటి ముందట కట్టిండ్రు. నేను ఆ దినమంత దాని దిక్కు చూడలే.

అప్పుడు చెప్పిండు బావ. దవాఖానల ఉన్నప్పుడు ఆమెవి రెండు ఫోటోలు తీసిన, అవి కెమెరా కార్డుల ఉన్నయి అని. "చూపియ్యి" అంటె చూపియ్యలే. "కడిగియ్యి" అంటె "ఇస్త తియ్యి, ఫికరెందుకు" అనుకుంట ఏడాది గడిపిండు. లోకంల మా అక్కయి అని చెప్పుకోను ఆ రెండు ఫోటోలే. అవి గూడ గా మనిషి చేతుల ఉన్నయి.

అండమాన్ల పడవ ఎక్కించిండ్రు. స్నార్కెలింగట. మొకానికి అద్దాలు పెట్టి, నోట్లె రబ్బరు గొట్టం కరిపిచ్చి, నీళ్ల మీద బోర్లపండుకోబెడుతరు, కింద చేపలు చూడాలె. పడవాయన ఒక గొట్టం నా మూతి కాడికి తెచ్చిండు. అప్పటిదాక అది ఇంకొకామె నోట్లె ఉన్నది, నా కండ్ల ముందటనే తీసింది, తీగ లెక్క సొంగ సాగింది. దాన్ని బకీట్ల ఒక్కసారి ముంచి "తీస్కో అమ్మా" అంటున్నడు. ఆ బకీట్ల నీళ్లు చూస్తె మా వాకిట్ల మోరీ నయమనిపిచ్చింది. అవుతల ఒకాయన పడవ అంచు మీది నుంచి వాంతి చేస్కుంటున్నడు, ఇవుతల ఆయన భార్య అదే నీళ్లల్ల దిగి చేపలను చూసి కేరింతలు కొడుతున్నది. "నాకొద్దు బాబు, నేను ఇక్కడ్నే కూసుంట" అన్న. లత నవ్వింది. బావ అప్పటికే అద్దాలు పెట్టుకున్నడు, పెద్ద కప్ప లెక్క తయారైండు. ఇగ సంచిల చెయ్యి పెట్టి అక్క కెమెరా బయటికి తీసిండు.

నేను గబుక్కున లేసిన. "బావా, గదెందుకు తెచ్చినవ్? అండ్ల అక్క ఫోటోలున్నయి గద!"

"ఉంటె ఏంది? దాని కెమెరా ఇది. దాంతోనే తీస్త."

"పౌచుల ఫోన్ పెట్టుకోవచ్చు గద. పోనీ కార్డన్న తీసి నాకియ్యి."

"కార్డు తీస్తె ఫోటోలు దేంట్ల పడుతయి, నీ కొంగుల పడుతయా?"

లత మధ్యల అందుకొని వాళ్ల బాపుకు చెప్పింది. "బాపు, ముందుగాల పౌచు మూతికున్న గా పట్టీ టక్కుమనేదాక ఒత్తు. ఎనుకకు మడిచి గీ బొత్తం పెట్టు. అంతే, ఇంకేం చెయ్యకు."

బావ ఆ పట్టీని రెండుసార్లు ఒత్తి చూసిండు, పెదవి ఇరిసిండు. "ఇదేందే, చిన్నపోరల జామెట్రీ డబ్బ మూత లెక్కున్నది. గిది సముద్రాన్ని ఆపుతదా?" అనుకుంట, జిప్పు పోయిన తన సంచికి కట్టి ఉన్న ఎర్రవైరు ఇప్పిండు. నాకు అర్థమైంది. "వద్దు బావా" అన్న. ఇంటడా? పౌచుల కెమెరా పెట్టిండు, గాలి పోయేదాక అదిమిండు, మూతి మెలివెట్టిండు, కోడి మెడ మలిపినట్టు మలిపి వైరు బిగిచ్చిండు. మెలివెట్టినంక ఇగ ఆ పట్టీ ఎక్కడ టక్కుమంటది? "దానికి ముడి అక్కర లేదు బాపు" అని లత మొత్తుకుంటనే ఉన్నది. "మీ తాత ముడి ఇది, నువ్వు పుట్టకముందుది" అని మెడల ఏసుకొని, రబ్బరు టైరు పట్టుకొని దిగిండు.

నేను పడవల కూసొని ఆ నీలం నీళ్లను తిట్టిన, పడవను తిట్టిన, చచ్చిపోయిన మా బాపును గూడ తిట్టిన. బావ మొకం నీళ్లల్ల పెట్టి ఉన్నడు. ఆ గొట్టం నుంచి ఊపిరి బుస్సు బుస్సుమని వస్తున్నది. చెయ్యి చాపి టక్కు టక్కుమనిపిస్తున్నడు. కొంచెంసేపటికి టక్కుమనుడు ఆగింది. మొకం పైకి లేపిండు. పౌచు పైకి లేపిండు. ముడి ఇప్పకముందే కనవడ్డది, సగందాక నీళ్లు, అండ్ల కెమెరా అటు ఇటు తేలుతున్నది, దాని ముందటి అద్దం బయటికి పొడుచుకొచ్చి, ఎల్లవెట్టిన నాలుక లెక్క. ముడి గట్టిగనే ఉన్నది, ఇంత గూడ వదులు కాలే. మెలివెట్టిన ముడుతల సందుల నుంచి నీళ్లు దూరినయి. పైకప్పు నుంచి కారే చుక్కల కోసం పుట్టిన ముడి, చుట్టుముట్టు ఒత్తే సముద్రానికి ఏం ఆగుతది?

ఏమేమన్ననో నాకే సక్కగ యాది లేదు. "ఛీ, నువ్వొక మనిషివా బావా! దాని మొకం గూడ మాకు మిగలనియ్యవా? బతికినన్ని దినాలు నీ బొగ్గు బట్టలు ఉతికింది, చచ్చినంక దాన్ని తీస్కొచ్చి ఉప్పునీళ్లల్ల ముంచుతవా!" అన్న. పడవల జనమంత చూస్తున్నరు, భాష తెల్వకపోయినా తిట్టు తెలుస్తది గద. బావ నీళ్లు కారుకుంట నిలవడి, ఆ ముడి దిక్కే చూసిండు. "బాయిల ఎన్నడు తడ్వలే సరోజా" అన్నడు. ఇమానంల ఆయన పక్క సీటొస్తె లతను కూసోబెట్టిన.

గోదావరిఖనికి వచ్చిన తెల్లారే నేనే కెమెరా పట్టుకొని చౌరస్తాల ఫోటోల షాపుకు పోయిన. బావ చెప్పకుంట ఎనుకనే వచ్చి గుమ్మం కాడ నిలవడ్డడు. షాపాయన కెమెరా ఇప్పి, "పనైపోయిందమ్మా, లోపల ఉప్పు పట్టింది" అన్నడు. కార్డు తీసి, తుడ్చి, కంప్యూటర్ల పెట్టిండు. "కార్డు మంచిగనే ఉన్నది" అన్నడు. తెర మీదికి ఒకటెనుక ఒకటి వచ్చినయి. మా ఇంటి మేకపిల్ల, ఎవ్వలదో పెండ్లి, లత కొడుకు. సముద్రంల తీసిన నీలం నీళ్లకు ముందు, ఆ రెండు.

మొదటిదాండ్ల అక్క మొకం ఉబ్బి ఉన్నది, కండ్ల కింద సంచులు, మూతికి ఆక్సిజన్ మాస్కు. కెమెరా దిక్కు కోపంగ చూస్తున్నది. రెండోదాండ్ల అదే మాస్కు, లోపట ఊపిరికి మసకగైంది, గని కండ్లు మూతపడేటట్టు నవ్వుతున్నది. గుమ్మం కాడి నుంచి బావ చెప్పిండు. "వార్డుల అద్దం లేకుండె. నా మొకమెట్లున్నదో చూస్త, ఒక ఫోటో తియ్యి అన్నది. తీసి చూపిచ్చిన. చూసుకొని, ఓ ఇది నేనేనా, గుమ్మడికాయకు గొట్టం పెట్టినట్టున్న అని నవ్వింది. నవ్వుతుంటె ఇంకొకటి తీసిన." ఆ మాట ఇని నేను అక్కడ ఉన్న స్టూలు మీద కూసున్న. ఎవ్వలు కూసొని లేసిండ్రో, వేడిగనే ఉన్నది. అయినా లేవలే.

ఇగ అక్కడ మొదలైంది అసలు చీదర. షాపాయన, "మాస్కు తీసేద్దామమ్మా, ఇప్పుడు కంప్యూటర్ అంత చేస్తది" అన్నడు. నేను నోరు తెరిచేలోపు చేసిండు. మాస్కు మాయమైంది. ఉబ్బు దిగింది. నల్లటి మా అక్క పెరుగు లెక్క తెల్లవడ్డది. దవాఖాన బట్టలు పోయి పట్టుచీరొచ్చింది, మెడల అక్క ఎన్నడు ఏసుకోని గొలుసులొచ్చినయి, మూతికాడ తెల్లగ, వరుసగ, ముత్యాలోలె పండ్లు. షాపుల ఉన్నోళ్లంత తొంగిచూసి "ఎంత కళగున్నదో" అన్నరు.

"ఆ పండ్లెవ్వలియి?" అని అడిగిన.

"కంప్యూటర్ పెట్టిందమ్మా."

కొంగు మూతికి అడ్డం పెట్టుకున్న, ఒట్టు. బాపు నల్ల కళ్లె చూసినప్పుడు గూడ గంత చీదర కాలే. పోయిన మనిషి నోట్లె ఎవ్వలయో పండ్లు పెట్టుడేంది? బావ దగ్గెరికొచ్చి కండ్లు తుడ్చుకొని, "గిదే కావాలె, పెద్దది కట్టు" అన్నడు. నేను మాస్కుది, నవ్వేది, ఒకటి చిన్నగ కొట్టిమ్మన్న. షాపాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు.

బావ తనది పెద్ద అర్రల గోడకు పెట్టి దండేసిండు. వచ్చినోళ్లంత మెచ్చుకున్నరు. నాది మా ఇంట్ల గోడకు పెట్టుకున్న. మా ఇంటికొచ్చినోళ్లు "తీసెయ్యరాదు, పిల్లలు జడుసుకుంటరు" అన్నరు. జడుసుకోనియ్యి. నేను చిన్నప్పుడు నలుపు చూసి జడుసుకున్న, మోరీ చూసి, కవర్లు చూసి, బాపు గోర్లు చూసి మూతి మూసుకున్న. ఈ కంపుల నుంచి బయటపడితె చాలనుకొని చదువుకున్న. ఇప్పుడు బయటపడ్డ. బండలేసిన ఇల్లు, వాసన లేని తానాల గది, మూతున్న మోరీ. ఏం చూడాలె బయటికి పోతె? చౌరస్తాల కట్టిన ఫ్లెక్సీలల్ల పుట్టినరోజోళ్లు, చచ్చినోళ్లు, లీడర్లు అందరు సున్నమేసినట్టు తెల్లగ ఒక్కతీరుగున్నరు. బొగ్గు తోడి బతికే ఊర్లె ఒక్క నల్లటి మొకం కనవడకుంట చేసిండ్రు. ఆ మోరీ నీళ్లల్ల ఏముండె? మా బాపు ఒంటి మీది బొగ్గుండె. అది చూసి మూతి మూసుకున్నదాన్నే, గని అది ఎవ్వలదో నాకు తెలుసు. ఈ తెలుపు ఎవ్వలదో ఎవ్వలకు తెల్వది. నాకు ఇది పట్టుకుంటె చేతికి జిగురు అంటినట్టున్నది.

మొన్న పొద్దుగాల బావ వచ్చిండు. చంకల తువ్వాలల చుట్టిన పెద్ద ఫ్రేము. లోపటికొచ్చి మంచం మీద పెట్టి, మంచినీళ్లు తాగి, ఎటో చూసుకుంట అన్నడు. "ఇది నువ్వు పెట్టుకో సరోజా."

"నాకెందుకు? మెచ్చి చేపిచ్చుకున్నవ్ గద."

"ఇంట్ల ఎవ్వలో పరాయి ఆడామె వచ్చి కూసున్నట్టున్నది" అన్నడు. "తానం చేసొచ్చి లుంగీ మార్చుకుందామంటె సిగ్గైతున్నది. వంటింట్లకు పోయి మార్చుకుంటున్న."

నేను నవ్వపోయిన, ఆయన మొకం చూసి ఆగిన. తల వంచుకొని కూసున్నడు. లేసి గోడ మీది నుంచి నా చిన్న ఫోటో తీసి ఆయన చేతుల పెట్టిన. రెండు చేతులతోని పట్టుకొని చాలాసేపు చూసిండు. మాస్కును కాదు, కండ్లను. "పా, ఇంటికి పోదాం" అన్నడు, నాతోని కాదు. తువ్వాలల చుట్టుకొని, చెప్పులేసుకొని పోయిండు.

ఆ పట్టుచీరామె మంచం మీద పండ్లన్ని బయటపెట్టుకొని ఉన్నది. పారేద్దామంటె కింద అక్క పేరున్నది, పెట్టుకుందామంటె అక్క కాదు. బీరువ ఎనుక మొకం గోడ దిక్కు తిప్పి పెట్టిన, పోయి సబ్బుతోని చేతులు కడుక్కున్న.